వైఫై గుర్తు నిండుగా ఉంది, నెట్ మాత్రం లేదు!

ప్రశ్న: అన్నా, నెల్లూరు జిల్లా అల్లూరులో నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఫీజులు కట్టడం మా పని. నాలుగు సిస్టమ్‌లు, ఫైబర్ కనెక్షన్. ఈమధ్య నెట్‌తో నరకం చూస్తున్నాను. ఒకరోజు రెండు సిస్టమ్‌లలో వస్తుంది, రెండింట్లో రాదు. మరుసటి రోజు తిరగబడుతుంది. వైఫై గుర్తు మాత్రం నిండుగా ఉంటుంది. ఒక్కోసారి ఫోన్‌లో వాట్సాప్ వస్తుంటుంది గానీ అప్లికేషన్ సైటు తెరుచుకోదు. సాయంత్రం ఏడు దాటితే అంతా నత్తనడకే. కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "మావైపు బాగానే ఉంది, రౌటర్ ఆపి ఆన్ చెయ్యి" అంటారు. అలా చేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ మామూలే. పక్క గదిలో సిగ్నల్ అందడం లేదని ఇంట్లో మూలనున్న పాత రౌటర్ తెచ్చి తగిలించాను, అక్కడ ఇప్పుడు సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. అయినా సమస్య తీరలేదు. చివరి తేదీ రోజు పిల్లలు క్యూలో నిలబడి నా మొహం చూస్తుంటే టెన్షన్‌తో చేతులు ఆడటం లేదు. నల్ల స్క్రీన్‌లో కమాండ్లు కొడితే తప్పు ఎక్కడుందో తెలుస్తుందంటారు. నాలాంటివాడికి అర్థమయ్యేలా చెప్పగలరా?

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరంలో మూడు వేర్వేరు జబ్బులు ఒకే మూటలో ఉన్నాయి. కొన్ని సిస్టమ్‌లలో వచ్చి కొన్నింట్లో రాకపోవడం ఒకటి, వాట్సాప్ వస్తూ సైటు రాకపోవడం ఇంకొకటి, సాయంత్రం నత్తనడక మరొకటి. నువ్వు కేబుల్ ఆఫీసుకు చెప్పేది మాత్రం మూడింటికీ ఒకే మాట: "నెట్ రావడం లేదు." అందుకే వాళ్లూ మూడింటికీ ఒకే మందు చెబుతున్నారు. నిజానికి మొదటి జబ్బు విషయంలో వాళ్లది తప్పు కాకపోవచ్చు. నువ్వు మాటవరసకు రాసిన ఒక వాక్యం మీద నాకు అనుమానంగా ఉంది. దాని సంగతి కాస్త ఆగి చెబుతాను.

పెన్నా కాలువల కింద చివరి మడి రైతుకు నీళ్లు రాకపోతే నేరుగా సోమశిల డ్యామ్‌కు పరిగెత్తడు. తన గట్టు దగ్గర మొదలుపెట్టి, పిల్లకాలువ, తూము అంటూ పైకి నడుస్తాడు. నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, ఎక్కడ ఆగాయో చూస్తాడు. నెట్‌కూ అదే నడక. ముందు నీ సిస్టమ్, తర్వాత నీ రౌటర్, తర్వాత ఆపరేటర్ లైను, తర్వాత బయటి ప్రపంచం, ఆ తర్వాత సైటు పేరు, చివరికి ఆ సైటు. మధ్యలో ఒక్క మెట్టు వదిలేసినా మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది.

అసలు కమాండ్ల కంటే ముందు ఫైబర్ డబ్బా మీద లైట్లు చూడు. ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలిగినా, కొట్టుకుంటున్నా ఏ కమాండూ అక్కర్లేదు. వెలుతురు నీ డబ్బాదాకా రావడం లేదు. ఎక్కడో వైరు తెగింది, లేదా బాగా వంగింది. ఆ మాట చెప్పి లైన్‌మ్యాన్‌ను పిలిపించు.

ఎర్ర లైటు లేదనుకుందాం. విండోస్ గుర్తున్న మీటతో పాటు ఆర్ నొక్కు. చిన్న పెట్టె వస్తుంది. అందులో సి ఎం డి అని కొట్టి ఎంటర్ ఇస్తే నల్ల స్క్రీన్ తెరుచుకుంటుంది. కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ నువ్వు కొట్టాల్సింది ఇంగ్లీషు అక్షరాల్లోనే. వీటిలో చాలావరకు చూసి చెప్పేవే, దేన్నీ మార్చవు. కాబట్టి ఏదో పాడైపోతుందన్న భయం వద్దు. మార్చే కమాండ్ వచ్చినప్పుడు నేనే హెచ్చరిస్తాను.

మొదటిది ఐపీకాన్ఫిగ్. స్పెల్లింగ్ ఐ పి సి ఓ ఎన్ ఎఫ్ ఐ జి. దాని తర్వాత ఖాళీ వదిలి, స్లాష్ (/) పెట్టి ఆల్ అని కొట్టు. స్క్రీన్ నిండా వరసలు పడతాయి, కంగారుపడకు. నీకు కావాల్సినవి నాలుగే: ఐపీవీ4 అడ్రస్ (నీ సిస్టమ్ నంబరు), డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్ నంబరు), డీహెచ్‌సీపీ సర్వర్ (అడ్రస్‌లు పంచేది), డీఎన్ఎస్ సర్వర్స్ (సైటు పేరును నంబరుగా మార్చేవి). ఒకే సిస్టమ్‌లో వైరుకు ఒక భాగం, వైఫైకి ఒక భాగం, బ్లూటూత్‌కు ఒక భాగం కనబడతాయి. నువ్వు వాడుతున్నది ఏదో దాని కిందే చూడు. మీడియా డిస్‌కనెక్టెడ్ అని ఉంటే ఆ దారిలో కనెక్షనే లేదు. వైరు పెట్టానని అనుకుంటున్నచోట అలా వస్తే పిన్ను ఊడి ఉంటుంది, లేదా ఎలుక కొరికి ఉంటుంది.

అడ్రస్ 169.254 తో మొదలైతే అది రౌటర్ ఇచ్చిన అడ్రస్ కాదు. సిస్టమ్ అడిగింది, ఎవరూ పలకలేదు, విండోస్ తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. అలాంటప్పుడు తప్పు నీకూ నీ రౌటర్‌కూ మధ్యే ఉంది, కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేసి లాభం లేదు.

ఇప్పుడు నా అనుమానానికి వస్తాను. పక్క గదిలో పెట్టిన పాత రౌటర్‌కు మొదటి రౌటర్ నుంచి వైరు లాగి ఉంటావు కదా? ఆ వైరును పాత రౌటర్‌లో ల్యాన్ అని రాసి ఉన్న రంధ్రాల్లో ఒకదానికి గుచ్చి ఉంటే మాత్రం నీ మొదటి జబ్బుకు కారణం దాదాపుగా అదే. సిస్టమ్ ఆన్ కాగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని నెట్‌వర్క్ మొత్తానికి వినబడేలా అడుగుతుంది. ఆ పని చూసేదాన్నే డీహెచ్‌సీపీ అంటారు. ఇంట్లో ఒక్కటే రౌటర్ ఉంటే అదొక్కటే పలుకుతుంది. నీ సెంటర్‌లో ఇప్పుడు రెండు పలుకుతున్నాయి. ఏది ముందు పలికితే సిస్టమ్ దాని మాటే వింటుంది. ఫైబర్ ఉన్న రౌటర్ ముందు పలికిన సిస్టమ్‌కు నెట్ వస్తుంది. పాతది ముందు పలికితే ఆ సిస్టమ్ "బయటికి దారి ఈ పాత రౌటరే" అని నమ్ముతుంది. పాత రౌటర్‌కు బయటికి దారే లేదు. వైఫై గుర్తు మాత్రం నిండుగానే ఉంటుంది, ఎందుకంటే ఆ గుర్తు చెప్పేది నీ సిస్టమ్‌కూ దగ్గర్లోని రౌటర్‌కూ మధ్య సిగ్నల్ సంగతి మాత్రమే. ఆపి ఆన్ చేస్తే సిస్టమ్‌లు మళ్లీ అడ్రస్ అడుగుతాయి, ఈసారి సరైనది ముందు పలకొచ్చు, పలకకపోవచ్చు. ఒకరోజు ఈ రెండూ, ఒకరోజు ఆ రెండూ అని నువ్వు రాసింది అందుకే.

నా మాట నమ్మనక్కర్లేదు, నువ్వే తేల్చుకో. నెట్ వస్తున్న సిస్టమ్‌లో ఒకసారి, రాని సిస్టమ్‌లో ఒకసారి ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి పక్కపక్కన పెట్టి చూడు. ఒకదానిలో డిఫాల్ట్ గేట్‌వే 192.168.1.1 అనీ, రెండోదానిలో 192.168.0.1 అనీ ఉంటే దొంగ దొరికినట్టే. డీహెచ్‌సీపీ సర్వర్ వరసలోనూ అదే తేడా కనబడుతుంది. రెండింటిలోనూ ఒకే నంబరు ఉంటే తొందరపడి పాత రౌటర్‌ను వదిలేయకు. రెండు రౌటర్లూ ఒకే నంబరు పెట్టుకుని కూర్చోవడం ఇంకా పెద్ద గొడవ. అప్పుడు ఏఆర్‌పీ అని కొట్టి, ఖాళీ వదిలి మైనస్ ఏ పెట్టు. 192.168.1.1 ఎదురుగా రెండేసి అక్షరాలుగా ఆరు జతల మ్యాక్ అడ్రస్, అంటే ఆ పరికరం సొంత గుర్తింపు నంబరు, ఉంటుంది. రౌటర్లను తిరగేసి అడుగున స్టిక్కర్ చూడు. ఆ నంబరు ఏ రౌటర్‌దో తెలిసిపోతుంది. చివరి అక్షరం ఒకటీ అరా తేడా ఉన్నా పరవాలేదు, మొదటి జతలు కలిస్తే చాలు.

సరిచేయడం తేలిక. పాత రౌటర్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రస్‌లు పంచకుండా సిగ్నల్ మాత్రమే ఇచ్చే తీరు) ఉంటే అది పెట్టెయ్, పని అయిపోతుంది. ఆ సదుపాయం లేని పాత మోడల్ అయితే రెండు మార్పులు చేయాలి. దాని సొంత అడ్రస్‌ను 192.168.1.250 లాంటి, వేరే ఎవరూ వాడని నంబరుగా మార్చు. దానిలో డీహెచ్‌సీపీని ఆఫ్ చెయ్యి. వైరు ల్యాన్ రంధ్రంలోనే ఉండనివ్వు. తర్వాత ప్రతి సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆపైన ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొట్టు. ఇవి మార్చే కమాండ్లే, కానీ పాత అడ్రస్ వదిలి కొత్తది తెచ్చుకోవడం తప్ప ఇంకేం చేయవు. మధ్యలో ఎవరైనా ఫీజు కడుతుంటే మాత్రం ఆ సిస్టమ్‌ను అప్పుడు ముట్టుకోకు.

ఇక పింగ్. స్పెల్లింగ్ పి ఐ ఎన్ జి. 1983 డిసెంబరులో అమెరికా సైన్యానికి చెందిన ఒక పరిశోధనశాలలో పనిచేసే మైక్ మూస్, తన నెట్‌వర్క్ తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంటే కారణం పట్టుకోవడానికి దీన్ని రాశాడు. నలభై ఏళ్లు దాటినా ఇప్పటికీ అందరూ ముందు కొట్టేది దీన్నే. ఒక చిన్న కబురు పంపి, అవతలివాళ్లు తిప్పి పంపడానికి ఎంతసేపు పట్టిందో మిల్లీసెకన్లలో చెబుతుంది. విండోస్‌లో నాలుగు కబుర్లు పంపి ఆగిపోతుంది. లినక్స్‌లో అయితే కంట్రోల్, సి నొక్కేదాకా పంపుతూనే ఉంటుంది.

చాలాచోట్ల ముందు 127.0.0.1 కు పింగ్ కొట్టమని నేర్పుతారు. అది నీ సిస్టమ్ తనను తాను పలకరించుకోవడం. దానివల్ల తేలే సమస్యలు అరుదు, నేనైతే వదిలేస్తాను. నేరుగా నీ గేట్‌వేకు కొట్టు: పింగ్, ఖాళీ, 192.168.1.1. వైరు మీద ఉన్న సిస్టమ్‌లో 1 మిల్లీసెకనుకు తక్కువ అనో 1 అనో రావాలి. వైఫైలో కాస్త ఎక్కువ వస్తుంది, తప్పులేదు. కానీ ఒకసారి 3, ఒకసారి 180, మధ్యలో ఒకటి రాకుండా పోవడం లాంటివి కనబడితే ఆ వైఫైతో అప్లికేషన్ పని పెట్టుకోకూడదు.

పింగ్‌లో వచ్చే మాటల్ని కాస్త జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే ఒక్కో మాట ఒక్కో చోటు చూపిస్తుంది. రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ అంటే కబురు పోయింది, ఎదురుచూసినంతసేపూ జవాబు రాలేదు. డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అంటే అక్కడిదాకా పోయే దారే దొరకలేదు. ఆ మాట ఎవరు చెబుతున్నారో అదే వరస మొదట్లో రిప్లై ఫ్రమ్ పక్కన ఉంటుంది. అక్కడ నీ సిస్టమ్ నంబరే ఉంటే కబురు గడప కూడా దాటలేదన్నమాట. ఇక్కడ విండోస్ ఒక తమాషా చేస్తుంది. అన్‌రీచబుల్ అని వచ్చిన జవాబుల్ని కూడా "జవాబు వచ్చింది" కింద లెక్కేసి, చివర్లో 0 శాతం లాస్, అంటే ఏ కబురూ పోలేదు అని చూపిస్తుంది. కేబుల్ ఆఫీసువాళ్లు ఆ చివరి వరస ఒక్కటే చూసి "లాస్ లేదుగా" అనే ప్రమాదం ఉంది. పై వరసలు చూపించు. జనరల్ ఫెయిల్యూర్ అని వస్తే తప్పు నీ సిస్టమ్‌లోనే. నెట్‌వర్క్ కార్డు ఆఫ్ అయి ఉండొచ్చు, యాంటీవైరస్ గానీ వీపీఎన్ గానీ అడ్డుపడుతుండొచ్చు.

గేట్‌వే బాగా పలికితే ఒక మెట్టు బయటికి దిగు. పింగ్ 8.8.8.8 కొట్టు. అది గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వర్. పేరు కాకుండా నంబరు కొట్టమనడానికి కారణం ఉంది. పేరు కొడితే ముందు ఆ పేరును నంబరుగా మార్చే పని జరగాలి, అది చెడినా నెట్ చెడినట్టే కనబడుతుంది. ఒకసారికి ఒక్క విషయమే పరీక్షించాలి. నంబరుకు జవాబు వచ్చి, పేరుకు రాకపోతే జబ్బు ఎక్కడుందో అప్పుడే తెలిసిపోయింది.

నీకు అన్నిటికంటే పనికొచ్చే కిటుకు ఇప్పుడు చెబుతాను. రెండు నల్ల స్క్రీన్లు తెరిచి పక్కపక్కన పెట్టుకో. ఎడమదానిలో గేట్‌వేకు, కుడిదానిలో 8.8.8.8 కు పింగ్ కొట్టు. రెండింటికీ చివర ఖాళీ వదిలి మైనస్ టి అని చేర్చు. అప్పుడు నాలుగుతో ఆగకుండా సాగుతూనే ఉంటాయి. ఇవి తినే డేటా లెక్కలోకి కూడా రాదు, పొద్దస్తమానం వదిలెయ్. నెట్ పోయిన క్షణంలో చూడు. ఎడమది నడుస్తూ కుడిది ఆగితే తప్పు నీ రౌటర్ దాటాక ఉంది. రెండూ ఆగితే తప్పు నీ గదిలోనే ఉంది. రెండూ చక్కగా నడుస్తుంటే నెట్ పోలేదు, ఆ సైటే రావడం లేదు. రౌటర్ తనంతట తానే ఆగి మళ్లీ లేస్తుంటే కూడా ఇక్కడే బయటపడుతుంది: రెండూ ఒకేసారి ఆగి, రెండు మూడు నిమిషాలకు ముందు ఎడమది, తర్వాత కుడిది లేస్తాయి. కరెంటు ఒక్క క్షణం రెప్పవాల్చినా ఈ డబ్బాలు రీస్టార్ట్ అవుతాయి, బల్బు కదలిక మన కంటికి కూడా ఆనదు. అలా జరుగుతుంటే రౌటర్లకు పెట్టే చిన్న 12 వోల్టుల యూపీఎస్ కొనుక్కో. కొనేముందు నీ డబ్బా అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని యాంపియర్లు ఉన్నాయో చూసుకో. పింగ్‌ను ఆపాలంటే కంట్రోల్, సి. ఆపకుండా అప్పటిదాకా ఎన్ని పోయాయో లెక్క చూడాలంటే కంట్రోల్, బ్రేక్.

లైను బయట ఎక్కడ ఆగుతోందో చూపించేది ట్రేసర్ట్. టి ఆర్ ఏ సి ఈ ఆర్ టి అని కొట్టి, ఖాళీ, మైనస్ డి, ఖాళీ, 8.8.8.8. మైనస్ డి పెడితే పేర్లు వెతుకుతూ కూర్చోకుండా నంబర్లతో సరిపెట్టుకుంటుంది, తొందరగా అవుతుంది. ఇది చేసే పని తెలివైనది. నెట్‌లో తిరిగే ప్రతి కబురు మీదా "ఇన్ని రౌటర్లు దాటాక నన్ను పారెయ్యండి" అని ఒక అంకె ఉంటుంది. ట్రేసర్ట్ మొదట ఆ అంకెను 1 గా పెట్టి పంపుతుంది. మొదటి రౌటర్ దాన్ని పారేసి "పారేశాను" అని కబురు చేస్తుంది. తర్వాత 2, తర్వాత 3, ఇలా 30 దాకా. ఎవరెవరు పారేశారో వరసగా రాసుకుంటే అదే దారి. మొదటి వరసలో నీ రౌటర్ ఉంటుంది. రెండో మూడో వరసల్లో 10. తో గానీ, 100.64 మొదలు 100.127 లోపు గానీ నంబర్లు కనబడితే అవి ఆపరేటర్ లోపలి పరికరాలు. మొదటి వరస పలికి, అక్కడి నుంచి చివరిదాకా అన్నీ చుక్కలే (* గుర్తులే) అయితే నీ గది బాగుంది, ఆపరేటర్ లైను బాగాలేదు.

చుక్కలు చూసి మోసపోకు. మధ్యలో ఒక వరసలో మూడు చుక్కలు పడి, కింది వరసలు మామూలుగా వస్తే అదేమీ జబ్బు కాదు. చాలా రౌటర్లు కబుర్లు దాటిస్తాయి గానీ తమ ఉనికి చెప్పవు. అలాగే ఒక మధ్య వరసలో 150 ఉండి, ఆ తర్వాతిది 15 అని ఉంటే ఆ 150 ని పట్టించుకోవద్దు. అంకె ఒకచోట పెరిగి, చివరి వరసదాకా పెరిగే ఉంటే అప్పుడు అక్కడ ఇరుకు ఉన్నట్టు. పోల్చుకోవడానికి ఒక కొలత చెబుతాను. ఫైబర్‌లో వెలుతురు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు అనుకుంటే, పోయిరావడానికి 2 మిల్లీసెకన్లు కూడా పట్టదు. వైరు వంకర్లు, మధ్యలో రౌటర్లు కలుపుకుని పదో ఇరవయ్యో వచ్చినా బాగున్నట్టే. అమెరికాలో ఉన్న సర్వర్‌కు 200 దాటితే అది లైను తప్పు కాదు, దూరం అంతే.

రెండో జబ్బుకు వద్దాం. 8.8.8.8 పలుకుతోంది, వాట్సాప్ వస్తోంది, సైటు మాత్రం రాదు. ముందు ఒక్క మాట అడుగుతా: వాట్సాప్ వస్తున్న ఆ ఫోన్ నిజంగా నీ వైఫై మీదే ఉందా? వైఫైలో నెట్ లేదని తెలిస్తే చాలా ఫోన్లు నోరెత్తకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. మొబైల్ డేటా ఆఫ్ చేసి చూడు.

అది తేలాక ఎన్ఎస్‌లుకప్ కొట్టు. ఎన్ ఎస్ ఎల్ ఓ ఓ కె యు పి, ఖాళీ, సైటు పేరు. సైటు నంబరు వస్తే పేరు మార్పిడి బాగుంది. టైమ్డ్ అవుట్ అని వస్తే అదే కమాండ్ చివర 8.8.8.8 చేర్చి మళ్లీ కొట్టు. మొదటిసారి రాకుండా రెండోసారి వస్తే నీ రౌటర్ గానీ ఆపరేటర్ గానీ ఇచ్చిన డీఎన్ఎస్ సర్వర్ పడుకుందన్నమాట. అప్పుడు రౌటర్ సెట్టింగుల్లో డీఎన్ఎస్‌గా 8.8.8.8, 1.1.1.1 పెట్టుకోవచ్చు. తర్వాత సిస్టమ్‌లో ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ కొడితే పాత జ్ఞాపకాలు తుడుచుకుంటుంది. ఇదీ మార్చే కమాండే, హాని లేనిది.

పేరు మారుతోంది, అయినా సైటు రావడం లేదు. ఇక్కడ చాలామంది సైటుకు పింగ్ కొట్టి, జవాబు రాలేదని "సర్వర్ డౌన్" అని తేల్చేస్తారు. అది తొందరపాటు. ప్రభుత్వ సైట్లు, బ్యాంకు సైట్లు చాలావరకు పింగ్‌కు జవాబు ఇవ్వకుండా కావాలనే ఆపేసి ఉంటాయి, కానీ పేజీ చక్కగా తెరుచుకుంటుంది. నీకు తెలియాల్సింది సైటు పేజీలు వచ్చే 443 అనే ద్వారం తెరిచి ఉందా లేదా అన్నది. దానికి కర్ల్ వాడు: సి యు ఆర్ ఎల్, ఖాళీ, మైనస్ పెద్ద ఐ, ఖాళీ, హెచ్‌టీటీపీఎస్‌తో సహా సైటు పూర్తి అడ్రస్. 2018 నుంచి విండోస్ 10 తో పాటే వస్తోంది. సి ఎం డి లోనే కొట్టు, నీలం రంగు పవర్‌షెల్‌లో అదే పేరుతో వేరేది ఉంటుంది. మొదటి వరసలో 200 గానీ 301, 302 గానీ వస్తే సైటు బతికే ఉంది, నీ బ్రౌజర్‌ను అనుమానించు. 502, 503 లాంటివి వస్తే నీ నెట్ బంగారం, అవతల సర్వర్‌కే ఊపిరాడటం లేదు. చివరి తేదీ రోజు ఎక్కువగా జరిగేది ఇదే. ఆ అంకె క్యూలో ఉన్న పిల్లలకు చూపించి, రాత్రి పది దాటాకో తెల్లవారుజామునో రమ్మను. నీ మీద అరుపులైనా తగ్గుతాయి.

సర్టిఫికెట్ గురించి ఎర్రర్ వస్తే ముందు సిస్టమ్ తేదీ చూడు. పాత డెస్క్‌టాప్‌లలో లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ ఏ భద్రమైన సైటునూ నమ్మదు. ఫోన్‌లో అన్నీ వస్తాయి, ఈ సిస్టమ్‌లోనే రావు. ఆ బిళ్ల మార్చుకుంటే సరి.

ఒక మొండి రకం ఇంకోటి ఉంది. కొన్ని సైట్లు ఠక్కున వస్తాయి, కొన్ని సగం వచ్చి తిరుగుతూనే ఉంటాయి, అదీ రోజంతా. పింగ్ 8.8.8.8 తర్వాత మైనస్ ఎఫ్, మైనస్ ఎల్, 1472 అని కొట్టి చూడు. అంత పెద్ద కబురును ముక్కలు చేయకుండా పంపమని దానర్థం. ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్ అంటే 1464 తో మళ్లీ కొట్టు. 1464 పోయి 1472 పోకపోతే, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిపే పీపీపీఓఈ రకం కనెక్షన్లలో అది మామూలే. రౌటర్‌లో ఎంటీయూ, అంటే ఒక్కో కబురు సైజుకు హద్దు, 1492 గా ఉందో లేదో చూసుకో, 1500 ఉంటే మార్చు.

ఇక సాయంత్రం నత్తనడక. దీనికి స్పీడ్ టెస్ట్ నమ్ముకోకు, అది ఆ నిమిషం సంగతే చెబుతుంది, పైగా ఆ నిమిషం లైను మొత్తం తానే వాడేస్తుంది. రెండు స్క్రీన్ల పింగ్‌నే మధ్యాహ్నం ఒకసారి, ఏడున్నరకు ఒకసారి చూడు. సాయంత్రం ఎడమ అంకె, అంటే గేట్‌వేది, ఎగిరితే చుట్టుపక్కల వైఫైలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. నెట్‌ష్ (ఎన్ ఈ టి ఎస్ హెచ్) డబ్ల్యూల్యాన్ (డబ్ల్యూ ఎల్ ఏ ఎన్) షో ఇంటర్ఫేసెస్ అని నాలుగు మాటలు ఖాళీలు వదులుతూ కొడితే నీ వైఫై ఏ ఛానెల్ మీద ఉందో, సిగ్నల్ ఎంత శాతమో చెబుతుంది. ఛానెల్ 1 నుంచి 13 లోపు ఉంటే నువ్వు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉన్నావు, ఊరంతా అక్కడే ఉంటుంది. వీలైతే 5 గిగాహెర్ట్జ్‌కు మారు. నన్నడిగితే నెట్ సెంటర్‌లో కదలని సిస్టమ్‌లకు వైఫై ఎందుకు? నాలుగింటికీ వైరు లాగించెయ్.

ఎడమది బాగుండి కుడిది మాత్రం ఎగిరితే, ఒక్క సిస్టమ్‌ను వైరుతో ఉంచి మిగతావన్నీ, ఫోన్లతో సహా, పీకేసి చూడు. అంకె కిందికి దిగితే లైనును తింటున్నది నీ సెంటరే. పెద్ద పెద్ద స్కాన్ ఫైళ్ల అప్‌లోడ్, క్లౌడ్‌కు పంపే సీసీ కెమెరా, విండోస్ అప్‌డేట్, ఇంట్లోవాళ్ల సీరియల్. ముఖ్యంగా అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా పాకుతుంది. అన్నీ పీకినా అంకె దిగకపోతే ఇరుకు ఆపరేటర్ దగ్గర ఉంది. అప్పుడు మధ్యాహ్నం ట్రేసర్ట్, సాయంత్రం ట్రేసర్ట్ ఫొటోలు తీసి పంపు.

కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేసేటప్పుడు ఇకమీదట ఇలా చెప్పు: "అన్నా, వైరు మీదే పెట్టి చూశాను. గేట్‌వే 1 మిల్లీసెకను, లాస్ లేదు. 8.8.8.8 మధ్యాహ్నం 14, ఏడున్నరకు 260. ట్రేసర్ట్‌లో రెండో వరస నుంచే పెరుగుతోంది. వీలైతే ఆప్టికల్ పవర్ కూడా చూడండి." ఆ చివరి మాట వాళ్ల భాష, ఫైబర్‌లో నీదాకా వచ్చే వెలుతురు బలం అని అర్థం. ఫైబర్ డబ్బా సెట్టింగుల్లో ఆర్ఎక్స్ పవర్ అని నీకు కూడా కనబడొచ్చు. మామూలు జీపాన్ రకం ఫైబర్ కనెక్షన్‌కు అది మైనస్ 8 కీ మైనస్ 27 కీ మధ్య ఉండాలి. మైనస్ 28, 29 అంటే కనెక్టర్‌లో మట్టో, వైరులో మడతో ఉన్నట్టు. ఇంత చెప్పాక కూడా "ఆపి ఆన్ చెయ్యి" అంటే కంప్లయింట్ నంబరు అడిగి తీసుకో.

వీడియోల్లో చూసి నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్ లాంటివి వరసపెట్టి కొట్టేయకు. అవి ఆఖరి అస్త్రాలు, రీస్టార్ట్ అడుగుతాయి. పైగా ఐదు ఒకేసారి కొడితే ఏది పనిచేసిందో నీకే తెలియదు.

ఈ పనులన్నీ చివరి తేదీ రోజు మొదలుపెట్టకు. ఆ రోజు కష్టం వస్తే నీ ఫోన్‌ను డేటా కేబుల్‌తో సిస్టమ్‌కు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి, పిల్లల పని కానిచ్చెయ్. సెంటర్ ఖాళీగా ఉన్న మధ్యాహ్నం, నెట్ బాగున్నప్పుడే, గేట్‌వే పింగ్, 8.8.8.8 పింగ్, ట్రేసర్ట్ అంకెలు కాగితం మీద రాసి రౌటర్ పక్కన గోడకు అంటించు. బాగున్నప్పుడు ఎంత ఉంటుందో తెలియకపోతే బాగాలేనప్పుడు వచ్చిన అంకెను దేనితో పోలుస్తావు?

రేపు పొద్దున సెంటర్ తెరవగానే ముందు పాత రౌటర్ పని చూడు. అది సర్దాక కూడా రెండు సిస్టమ్‌లు మొండికేస్తే, నెట్ వచ్చే సిస్టమ్‌లోనూ రాని సిస్టమ్‌లోనూ ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి ఆ రెండు ఫొటోలు, పాత రౌటర్ వెనకవైపు వైర్లు కనబడేలా ఇంకో ఫొటో పంపు.